సిమెంటు అలర్జీ, ప్రోబయాటిక్ ప్రొటీన్లు: బైపీసీ తరవాత ఏ దారి?

ప్రశ్న: మాది కావలి. నాన్న బేల్దారి మేస్త్రీ. సిమెంటు పడక చేతులు పగిలి దురద పెడుతున్నాయి. మేలుచేసే బ్యాక్టీరియా ప్రొటీన్లతో రసాయనాల అలర్జీ తగ్గించవచ్చని చదివాను. ఆ పరిశోధన చేయాలని ఉంది. ఇంటర్ బైపీసీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఏ కోర్సు మంచిది?

జవాబు: నాన్నగారి బాధ చూసి పుట్టిన కోరిక ఇది, వదులుకోకండి. అయితే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. సిమెంటులోని క్రోమియం చర్మంలోని ప్రొటీన్లకు అంటుకుంటే రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా భావించి టి-కణాలను (ఒక రకం తెల్లరక్తకణాలను) ఉసిగొల్పుతుంది. అందుకే దురద వెంటనే కాక ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. దుమ్ము, పుప్పొడి వల్ల వచ్చే తుమ్ములు, ఆయాసం వేరు. అక్కడ ముఖ్యపాత్ర ఐజీఈ ప్రతిదేహాలది, అంటే రక్తంలో ఉండే ఒక రకం రక్షణ ప్రొటీన్లది. రెండింటికీ ఒకే మందు పనిచేస్తుందని అనుకోకూడదు. మీరు చదివింది ఏ రకం గురించో మళ్లీ చూడండి.

ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే మేలుచేసే బ్యాక్టీరియా విడుదల చేసే పి40 ప్రొటీన్ ఎలుకల్లో పేగువాపును తగ్గించింది. బతికున్న బ్యాక్టీరియాకు బదులు ప్రొటీన్ ఇస్తే మోతాదు కచ్చితంగా కొలవవచ్చు. కానీ నోటి ద్వారా ఇచ్చిన ప్రొటీన్ కడుపులోనే అరిగిపోతుంది. దాన్ని పేగుదాకా భద్రంగా చేర్చడం పెద్ద పని. అలర్జీ విషయంలో ఇదంతా ఇంకా పరిశోధన దశలోనే ఉంది కాబట్టి నాన్నగారికి దుకాణంలో ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) క్యాప్సూళ్లు కొనిపెట్టకండి. చర్మవైద్యుడి దగ్గర ప్యాచ్ టెస్ట్ (ఏ పదార్థం పడటం లేదో చర్మంపై అంటించి చూసే పరీక్ష) చేయించండి. ఐరోపాలో 2005 నుంచి చేత్తో కలిపే సిమెంటులో నీట కరిగే క్రోమియం-6 (అలర్జీ తెచ్చే క్రోమియం రూపం) పది లక్షల పాళ్లకు 2 మించకూడదన్న నిబంధన ఉంది. ఫెర్రస్ సల్ఫేట్ కలిపి దాన్ని తగ్గిస్తారు. జబ్బు రాకుండా ఆపడమూ పరిశోధనే.

చదువుకు వస్తే, నా ఓటు బీఎస్సీ బయోకెమిస్ట్రీకి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అయినా సరే. ప్రొటీన్‌ను వేరుచేసి శుద్ధిచేయడం వస్తే, రేపు మీ అంశం మారినా ఆ నేర్పు వృథా కాదు. విద్యార్థుల చేతే ప్రయోగాలు చేయించే కాలేజీ ఏదో సీనియర్లను అడిగి చేరండి. ఎమ్మెస్సీకి గ్యాట్-బి, ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. దగ్గర్లో కావాలంటే కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. ఆపై సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి పదేళ్లు దాటవచ్చని ఇంట్లో ఇప్పుడే చెప్పండి.

పరీక్షలయ్యాక మీ చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీరు పరీక్షించే ల్యాబ్‌లో కొన్నాళ్లు పని చూడనిమ్మని అడగండి. బ్యాక్టీరియాను పెంచి లెక్కపెట్టే పని మీకు నచ్చుతుందో లేదో డిగ్రీలో చేరకముందే తెలిసిపోతుంది.