వ్యాపారి ఎంపీగా ఎన్నికైతే తన వ్యాపారాన్ని వదులుకోవాలా?

వదులుకోనవసరం లేదు, సొంత వ్యాపారం సాగిస్తూనే లోక్‌సభలోనైనా రాజ్యసభలోనైనా సభ్యుడిగా కొనసాగవచ్చు. రాజ్యాంగంలోని 102వ అధికరణం అడ్డుకునేది ప్రభుత్వం కింద ఉండే లాభదాయక పదవినే తప్ప సొంత పెట్టుబడితో గడించే లాభాన్ని కాదు. అసలు చిక్కు కాంట్రాక్టుల దగ్గర ఉంది. కేంద్ర ప్రభుత్వానికి సరుకు సరఫరా చేయడానికో, పనులు చేయడానికో తన వ్యాపారంలో భాగంగా కుదుర్చుకున్న ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తి ఎంపీ పదవికి అనర్హుడు.

పలాసలో జీడిపిక్కలు కాల్చి, ఒలిపించి, పప్పును డబ్బాలకెత్తి అమ్మే వ్యాపారి శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు గెలిచాడనుకుందాం. ఆయన ఫ్యాక్టరీకి ఏ ఇబ్బందీ లేదు. అదే వ్యక్తి తన పేరున రైల్వే పని ఒప్పుకొని, అది సాగుతుండగా నామినేషన్ వేస్తే మాత్రం పరిశీలనలో తిరస్కరిస్తారు. పని పూర్తిగా ముగించి, బిల్లు మాత్రమే రావలసి ఉంటే అనర్హత వర్తించదు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు.

రాష్ట్ర ప్రభుత్వ రోడ్డు కాంట్రాక్టు ఉన్నా ఎంపీ కాకూడదనుకోవడం పొరపాటు. ఈ సెక్షన్ కింద అది ఎమ్మెల్యేకు అడ్డంకి గానీ ఎంపీకి కాదు.