ముసురు పట్టిన చలికాలంలో నిద్ర, నీరసం, దిగులు.. విటమిన్ మాత్రతో పోతాయా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తాను. మేముండే చోట చలికాలం మొత్తం ముసురే. ఆ కొన్ని నెలలూ ఎంత నిద్రపోయినా చాలదు, తీపి తినాలనిపిస్తుంది, బరువు పెరుగుతాను, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఎండలు మొదలవగానే మామూలైపోతాను. రెండేళ్లుగా ఇదే వరస. దీనికితోడు జలుబు, దగ్గు ఒక పట్టాన వదలవు. మా అమ్మకు 72 ఏళ్లు, బీపీ ఉంది. చలికి తట్టుకోలేక గది తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పక్కనే పడుకుంటోంది. ఇద్దరికీ ఇమ్యూనిటీ పెరిగేలా మంచి విటమిన్ మాత్రలు చెప్పండి. - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ కుంపటిని గదిలోంచి బయటపెట్టించండి. మీరు అడగకపోయినా మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. బొగ్గులు పొగ లేకుండా ఎర్రగా కాలుతున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి శరీరానికి ఆక్సిజన్ అందకుండా పోతుంది. మొదట తలనొప్పి, వికారం, తలతిరగడం ఉంటాయి, వాటిని జలుబు లక్షణాలే అనుకుని ఇంకో దుప్పటి కప్పుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ మాత్రం హెచ్చరిక కూడా అందదు. కిటికీ కాస్త తెరిచి ఉంచాం కదా అనే ధైర్యం కూడా పనికిరాదు. గది వెచ్చగా ఉండాలంటే కరెంటు హీటర్ వాడండి, దుప్పట్లకూ కర్టెన్లకూ దూరంగా పెట్టి, పడుకునే ముందు ఆపేయండి. గదిలో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పెద్దవాళ్లకు ఇంకాస్త ఎక్కువే ఉంటే మంచిది. ఒక్క మందపాటి స్వెటర్ కన్నా రెండు మూడు పలచటి దుస్తులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే బాగా కాపు కాస్తాయి, వాటి మధ్య చేరిన గాలి వేడిని పోనివ్వదు.

చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, అందుకే చాలామందికి ఈ కాలంలో బీపీ పెరుగుతుంది. అమ్మగారికి ఓ వారం పాటు ఉదయం, సాయంత్రం ఇంట్లోనే చూసి రాసిపెట్టి, ఆ కాగితం ఆవిడ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మాత్ర పెంచొద్దు. ఇంకొకటి, ముక్కు దిబ్బడకు కొనే జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ లాంటివి ఉంటాయి, అవి బీపీని పెంచుతాయి. వాటిలోనే పారాసెటమాల్ కూడా ఉండటం మామూలు కాబట్టి, జ్వరానికి విడిగా మరో పారాసెటమాల్ వేస్తే డోసు రెట్టింపు అవుతుంది. అట్ట మీద పేర్లు చదివే ఓపిక లేకపోతే ఫార్మసిస్టును అడిగి తీసుకోండి.

ఇక మీ సంగతి. చలికాలంలోనే వచ్చి ఎండలతో పోవడం, అతినిద్ర, తీపి మీదా పిండి పదార్థాల మీదా యావ, బరువు పెరగడం, మనుషులకు దూరం జరగడం, ఇవన్నీ కలిపి చూస్తే ఇది సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే ఏటా ఒకే కాలంలో వచ్చిపోయే డిప్రెషన్ కావచ్చు. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు దీన్ని ఈ పేరుతో వివరించారు. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్రా ఆకలీ తగ్గుతాయి, ఇందులో రెండూ పెరుగుతాయి. అందుకే ఇంట్లోవాళ్లు జబ్బు అనుకోరు, బద్ధకం అంటారు. మీరూ మిమ్మల్ని అలాగే తిట్టుకుంటూ ఉంటారని నా అనుమానం. అది మానేయండి.

మెదడులో నిద్ర మెలకువలను నడిపే గడియారం ఒకటి ఉంది. పొద్దున కళ్లలో పడే వెలుగును బట్టి అది రోజూ తనను సరిచేసుకుంటుంది. పొద్దుటి వెలుగు అందకపోతే గడియారం వెనకబడుతుంది, మీరు లేచి కూర్చున్నా ఒళ్లు మాత్రం ఇంకా రాత్రే అనుకుంటుంది. ఇప్పుడు మీ ఇంటి లైట్ల సంగతి చూడండి. మనకు బాగానే వెలుతురు ఉందనిపించే గదిలో కూడా 100 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) మించి ఉండదు. మబ్బు పట్టిన రోజైనా ఆరుబయట చాలాసార్లు వెయ్యి దాటుతుంది, మబ్బు పలచగా ఉంటే పదివేల దాకా వెళ్తుంది. మన కళ్లు వెలుతురుకు అలవాటుపడిపోతాయి కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. ఇంట్లోంచే పని చేసే మీలాంటివాళ్లు ఒక్కోసారి రోజంతా ఆరుబయటి వెలుగు చూడకుండానే గడిపేస్తారు, ఇదే అసలు చిక్కు.

కాబట్టి నేను రాసే మందు ఇది. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట నడవండి, మబ్బుగా ఉన్నా సరే. సన్నగా చినుకులు పడుతుంటే గొడుగు, రెయిన్‌కోట్, నీళ్లు దూరని చెప్పులో బూట్లో ఉంటే చాలు. మరీ కుండపోతగా ఉంటే కిటికీకి ఆనుకుని కూర్చోండి, అది సగం మందే అయినా ఏమీ లేనిదానికన్నా నయం. వెళ్లబుద్ధి పుట్టాక వెళ్దాం అని మాత్రం ఆగకండి. ఈ జబ్బు లక్షణమే బుద్ధి పుట్టకపోవడం. తోడుగా ఎవరినైనా రమ్మంటే మాట తప్పలేక బయల్దేరతారు, మనుషులతో నాలుగు మాటలూ అవుతాయి. తడిసి వస్తే వెంటనే బట్టలు మార్చుకోండి, తడిబట్ట ఒంట్లో వేడిని చాలా వేగంగా లాగేస్తుంది.

నడక కుదరకపోయినా, రెండు వారాల్లో మార్పు లేకపోయినా లైట్ థెరపీ ఉంది. అతినీలలోహిత కిరణాలు రాని 10,000 లక్స్ దీపం ముందు పొద్దున్నే 20 నుంచి 30 నిమిషాలు, నేరుగా దానివైపు చూడకుండా, చదువుకుంటూ కూర్చోవాలి. సాయంత్రం వాడితే ఉన్న నిద్రా చెడుతుంది. రెటీనా సమస్య ఉన్నవాళ్లు, బైపోలార్ డిజార్డర్ (విపరీతమైన ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు.

జలుబు విషయానికొస్తే, వానలో తడిస్తే వచ్చేది కాదది, వైరస్ ఉంటేనే వస్తుంది. అయితే చలిగాలికి ముక్కులోని రక్షణ కాస్త సన్నగిల్లడం, అందరూ తలుపులు మూసుకుని ఒకే గాలి పీల్చడం వల్ల ఈ కాలంలో ఎక్కువ. ఒక్క రైనోవైరస్‌లలోనే 150కి పైగా రకాలున్నాయి, ఒకటి తగ్గేలోపు ఇంకోటి పట్టుకుంటే అదే జలుబు వదల్లేదనిపిస్తుంది. వీటికి యాంటీబయాటిక్ పనిచేయదు. జలుబు పోయాక కూడా దగ్గు రెండు మూడు వారాలు ఉండటం మామూలే. కానీ రాత్రుళ్లు ఎక్కువై, పిల్లికూతలు వినిపిస్తుంటే అది ఆస్తమా కావచ్చు, పరీక్ష చేయించాలి. తడిబట్టలు పడకగదిలో ఆరేస్తారా? గోడల మీద నల్లటి మచ్చలేమైనా ఉన్నాయా? ఆ బూజు కూడా దగ్గును సాగదీస్తుంది. రోజూ కాసేపైనా కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి.

మీరడిగిన మాత్రలు. ఇమ్యూనిటీ బూస్టర్ల మీద డబ్బు పెట్టకండి. విటమిన్ సి రోజూ వేసుకున్నా మామూలు జనంలో జలుబు రావడం ఆగట్లేదు. విటమిన్ డి వేరు, ఎండ తగలనివాళ్లలో అది తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. పెద్దలకు రోజుకు 600 యూనిట్లు, 70 దాటినవాళ్లకు 800 చాలు. రక్తపరీక్షలో లోపం తేలితే డోసు డాక్టరు చెబుతారు. సొంతంగా రోజుకు 4,000 దాటితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు. ఎలాగూ రక్తం ఇస్తున్నారు కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఆ రెండిట్లో తేడా ఉన్నా ఇదే నీరసం ఉంటుంది. ఇమ్యూనిటీ కోసం నిజంగా ఏదైనా చేయాలనుకుంటే ఇద్దరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. అమ్మగారికి న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి.

మూడు వారాలు దాటిన దగ్గు, ఆయాసం, కఫంలో రక్తం, తగ్గని జ్వరం, వీటిలో ఏది ఉన్నా ఆగొద్దు. దిగులు రెండు వారాలకు పైగా రోజంతా ఉంటున్నా, పని చేసుకోలేకపోతున్నా సైకియాట్రిస్టును కలవండి, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు వెళ్లండి. ఏటా ఇదే వరస అని తేలితే బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందును చలికాలం రాకముందే మొదలుపెట్టి, ఎండలు వచ్చాక ఆపే పద్ధతి కూడా ఉంది. మూర్ఛ ఉన్నవాళ్లకు అది పడదు. మీకు అవసరమా కాదా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే తేల్చాలి, అందుకు వచ్చే చలికాలం మొదలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే, లక్షణాలు ఉండగానే ఒకసారి కలవండి.