ఒలింపిక్స్ జరిగిందా, జరిగాయా?

సందేహం: జాతీయ క్రీడా దినోత్సవానికి మా బడి పిల్లల చేత ‘ఒలింపిక్స్‌లో భారతదేశం’ అని గోడపత్రిక రాయించాను. ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి ఇలా రాశాడు: ‘ఒలింపిక్స్ 1896లో ఏథెన్సులో మొదలైంది. మన దేశానికి తొలి పథకం 1928లో హాకీలో వచ్చింది. వరుసగా ఆరు ఒలింపిక్స్‌లలో మనవాళ్ళు ఆరు బంగారాలు గెలిచారు.’ నేను ‘మొదలైంది’ని ‘మొదలయ్యాయి’ అని దిద్దాను. ‘ఒలింపిక్స్ ఒక్కటే కదమ్మా, ఏకవచనమే సరి’ అని మా ఆంగ్ల ఉపాధ్యాయులు అంటున్నారు. ‘బంగారాలు’ చెవికి ఎబ్బెట్టుగా ఉంది, కానీ ‘స్వర్ణాలు’ అని పత్రికల్లో రోజూ చూస్తున్నాం. కరణం మల్లీశ్వరి గురించి ‘గెలిచింది’ అని రాస్తే అమర్యాద అవుతుందా? దయచేసి వివరించండి.
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, చిత్తూరు

సమాధానం: మీ దిద్దుబాటు సరైనదే. అయితే ‘ఒలింపిక్స్’ చివర ‘స్’ ఉంది కాబట్టి బహువచనం అని మీరు దిద్ది ఉంటే మాత్రం ఆ కారణం నిలవదు. ఆ ‘స్’ ఇంగ్లీషువారి ఇంటి లెక్క. తెలుగుకు బహువచన ప్రత్యయం ‘లు’. పరీక్ష రాసి బయటికొచ్చిన మీ పిల్లలను అడగండి, ‘ఫిజిక్స్ తేలికగానే ఉంది, మ్యాథ్స్ కష్టంగా ఉంది’ అంటారు. ‘ఉన్నాయి’ అనేవాడు ఒక్కడూ ఉండడు. క్రికెట్ సిరీస్ కూడా ‘ముగిసింది’ గానీ ‘ముగిశాయి’ కాదు. చివరి ‘స్’ని చూసి తెలుగు క్రియ ఎన్నడూ బెదరలేదు.

మరి ‘ఒలింపిక్స్ జరిగాయి’ అని మన నోట ఎందుకు వస్తోంది? ఆ మాట వెనక మన మనసులో ‘క్రీడలు’, ‘పోటీలు’ అనే మాట ఉంది కాబట్టి. క్రియ దానితో పొత్తు కుదుర్చుకుంటుంది. తిరుపతిలో ఉండేవాడు దీనికి ఉదాహరణ కోసం గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. ‘గంగజాతర జరిగింది’ అంటాం, ‘బ్రహ్మోత్సవాలు జరిగాయి’ అంటాం. జాతర ఒక్క రోజుతో పోయేదేమీ కాదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొక వేషంతో ఊరంతా వారం పాటు సాగుతుంది. అయినా అది ‘జరిగింది’. కొండమీద తొమ్మిది రోజులు పెద్దశేష వాహనం మొదలు చక్రస్నానం దాకా జరిగేవి మాత్రం ‘జరిగాయి’. రోజుల సంఖ్యకూ వచనానికీ సంబంధం లేదు. జాతరను ఒక్క ముద్దగా చూశాం, ఉత్సవాలను విడివిడి సేవల వరుసగా చూశాం, అంతే తేడా.

క్రీడల విషయంలోనూ తెలుగువాడు ఇదే పని చేశాడు. 1951 మార్చిలో న్యూఢిల్లీలో మొదటిసారి ‘ఆసియా క్రీడలు జరిగాయి’. 1982లో మళ్ళీ అక్కడే ‘ఆసియాడ్ జరిగింది’. అప్పు అనే ఏనుగు పిల్ల బొమ్మతో, రంగుల టీవీతో వచ్చిన ఆ ఆసియాడ్‌ను నా వయసు వాళ్ళెవరూ మరిచిపోరు. పోటీలు అవే, మారింది పేరు. ‘ఆసియాడ్’ జాతరలాగా ఒక్క ముద్ద, ‘ఆసియా క్రీడలు’ బ్రహ్మోత్సవాల వంటివి. ‘ఒలింపిక్స్’ను మన పత్రికలు మొదటినుంచీ రెండో వరుసలోనే కూర్చోబెట్టాయి. ఆ వాడుకే ప్రమాణం. ‘ఒలింపిక్స్ వేడుక ముగిసింది’ అన్నప్పుడు ఏకవచనం వచ్చినా అది వేడుకకు చెందుతుంది, ఒలింపిక్స్‌కు కాదు. ఇక టీవీ వ్యాఖ్యాతలు ‘ఒలింపిక్స్ అనేది జరగడం అనేది’ అంటూ ప్రతి మాట వెనకా ఒక ‘అనేది’ తగిలించి ఏకవచనాన్ని నెగ్గించుకుంటున్నారు. పిల్లలకు ఆ తెగులు సోకకుండా చూడండి.

మీ సహోపాధ్యాయుల మాటనూ పూర్తిగా తోసిపుచ్చలేను. ‘ఒక్కటే కదా’ అన్న ఆయన అభ్యంతరం అసలు చిక్కు దగ్గరికే తీసుకెళుతుంది. ఎప్పుడూ బహువచనంలో ఉండే మాటను లెక్కపెట్టవలసి వస్తే ఏం చేయాలి? ‘ఆరు ఒలింపిక్స్’ అనవచ్చా? అనవచ్చు. అధికమాసం వచ్చిన ఏడాది తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. 2023లో అలా వచ్చింది. ‘ఈ ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు’ అని తిరుపతిలో అందరూ అనుకున్నారు. రెండంటే రెండు రోజుల ఉత్సవాలని ఎవరూ పొరబడలేదు. సెప్టెంబరులో సాలకట్ల బ్రహ్మోత్సవాలు, అక్టోబరులో నవరాత్రి బ్రహ్మోత్సవాలు, వెరసి రెండు విడతలు. ‘ఆరు ఒలింపిక్స్’ కూడా అలాంటి ఆరు విడతలే. అయితే మీ విద్యార్థి రాసిన ‘ఒలింపిక్స్‌లలో’ మీద మాత్రం కలం పెట్టండి. ‘ఆరు’ అనే మాట సంఖ్య చెప్పేసింది, పైన మళ్ళీ ‘ల’ బరువెందుకు? ‘వరుసగా ఆరు ఒలింపిక్స్‌లో’ చాలు. సమాసంలో మొదటి పదంగా వచ్చినప్పుడు ‘స్’ కూడా రాలిపోతుంది. అందుకే ఒలింపిక్ పతకం, ఒలింపిక్ సంఘం, ఒలింపిక్ గ్రామం అంటున్నాం.

ఆ ‘వరుసగా’ గురించి ఒక మాట. మన హాకీ జట్టు 1928, 1932, 1936, 1948, 1952, 1956లలో గెలిచింది. 1936కూ 1948కీ నడుమ పన్నెండేళ్ళ ఖాళీ చూసి, ‘వరుసగా’ తప్పేమో అని మీ తరగతిలో ఏ చురుకైన పిల్లవాడైనా అడగవచ్చు. తప్పు కాదు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగనే లేదు. జరిగినవాటి వరుసలో ఎక్కడా తెగలేదు. 1960లో రోమ్‌లో పాకిస్తాన్ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడినప్పుడు ఆ వరుస తెగింది. ఇంకో ఉచ్చు కూడా ఉంది. 2024 పారిస్ క్రీడలు ‘33వ ఒలింపియాడ్’ క్రీడలు. ఒలింపియాడ్ అంటే క్రీడలు కాదు, నాలుగేళ్ళ కాలం. మన బడుల్లో దాన్ని లెక్కల పోటీ పరీక్షకు పేరుగా పెట్టుకున్నాం, అది వేరే సంగతి. క్రీడలు జరగకపోయినా కాలం లెక్కలోకి వస్తుంది. 1916, 1940, 1944 పోగా వేసవి ఒలింపిక్స్ జరిగింది ముప్పై సార్లే. కాబట్టి ‘33వ ఒలింపియాడ్ క్రీడలు జరిగాయి’ ఒప్పు, ‘ఒలింపిక్స్ 33వసారి జరిగాయి’ తప్పు. ‘2020 ఒలింపిక్స్ 2021లో జరిగాయి’ అన్న వాక్యం చూడటానికి ముద్రారాక్షసంలా ఉన్నా నిక్కమైన ఒప్పే. టోక్యో క్రీడలు ఏడాది ఆలస్యమైనా పేరు మార్చుకోలేదు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల పేరులో ఉన్నదీ 2022 సంవత్సరమే.

‘పథకం’ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. మెడలో వేసుకునేది పతకం, ప్రభుత్వం ప్రకటించేది పథకం. హారానికి వేలాడే నగను మన పూర్వులు పతకం అన్నారు. విజేత మెడలో వేలాడే బిళ్ళకు ఆ పేరు చక్కగా అమరింది. ఒత్తు వేస్తే విజేతకు పింఛను పథకం ఇచ్చినట్టు అవుతుంది.

ఇక బంగారాలు. ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. లోహాల పేర్లు తెలుగులో నిత్యైకవచనాలు. రాగి, ఇత్తడి, వెండి, బంగారం ఎంత పోగుపడినా ఏకవచనమే. ‘బంగారం పెరిగింది’ అంటే ధర పెరిగిందనే అర్థం తప్ప సంఖ్య కాదు. ‘బంగారాలు’ అనే మాట తెలుగులో లేకపోలేదు. ‘మా బంగారాలు’ అని పిల్లలను ముద్దుచేసేటప్పుడు వినబడుతుంది. లోహానికి మాత్రం చెల్లదు. మరి ‘స్వర్ణాలు’ ఎలా చెల్లింది? నగల దుకాణానికి వెళ్ళి ‘పది గ్రాముల స్వర్ణం ఇవ్వండి’ అని ఎవరూ అడగరు. మన నిత్య వ్యవహారంలో స్వర్ణం లోహం పేరుగా లేదు. ఖాళీగా ఉన్న ఆ మాటను క్రీడా విలేఖరులు తీసుకుని పతకానికి పేరుగా పెట్టారు. పతకాన్ని లెక్కపెట్టవచ్చు కాబట్టి ‘లు’ చేరింది. రజతం, కాంస్యం కూడా అదే దారిన వచ్చాయి. పారిస్ క్రీడల దాకా ఒలింపిక్స్‌లో మన లెక్క పది స్వర్ణాలు, పది రజతాలు, ఇరవై ఒక్క కాంస్యాలు. ఇదే లెక్కను ‘పది బంగారాలు, పది వెండులు, ఇరవై ఒక్క కంచులు’ అని పైకి చదివి చూడండి, పిల్లలే నవ్వుతారు. అచ్చతెలుగు మీద మక్కువ ఉంటే ‘పది బంగారు పతకాలు’ అనండి, హాయిగా ఉంటుంది. ‘పసిడి’ శీర్షికలకు బాగుంటుంది. కాంస్యాన్ని ‘కాంశ్యం’ అని రాసే అలవాటును మాత్రం మొక్కగా ఉండగానే పీకెయ్యండి.

ఆ లెక్క మొత్తం నలభై ఒకటి. అందులోనే మీ విద్యార్థి వాక్యంలోని అసలు పొరపాటు దాగి ఉంది. మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. ‘తొలి పతకం 1928లో’ అని రాశాడు. కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ 1900లోనే పారిస్‌లో 200 మీటర్ల పరుగులోనూ, 200 మీటర్ల హర్డిల్స్‌లోనూ రెండు రజతాలు గెలిచాడు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం వాటిని భారతదేశం ఖాతాలో వేసింది. ఆయన బ్రిటన్ తరఫువాడని వాదించేవారూ ఉన్నారు. అది చరిత్రకారుల తగాదా. భాషవైపు నుంచి చూస్తే, ఒక సంఖ్య రాయడమే ఒక పక్షం వహించడం. నలభై ఒకటి అన్నవారు ప్రిచర్డ్‌ను మనవాడిగా ఒప్పుకున్నట్టే. ఆ వెంటనే ‘తొలి పతకం 1928’ అంటే తమ లెక్కను తామే కాదన్నట్టు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జైపాల్ సింగ్ నాయకత్వాన వచ్చినది ‘తొలి స్వర్ణం’. ఆ క్రీడల్లో పద్నాలుగు గోల్స్ కొట్టిన ధ్యాన్‌చంద్ పుట్టినరోజే మీరు జరుపుకున్న ఆగస్టు 29.

‘తొలి’ ఒంటరిగా నిలిచే మాట కాదు. దాని పక్కన ఏది ఉందో చూసి అర్థం చెప్పాలి. 1948లో లండన్‌లో బ్రిటన్‌నే 4–0తో ఓడించి తెచ్చినది స్వతంత్ర భారతానికి తొలి స్వర్ణం. 1952లో హెల్సింకీలో కుస్తీలో జాదవ్ తెచ్చిన కాంస్యం స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత పతకం. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గెలిచినది తొలి వ్యక్తిగత స్వర్ణం. ఈ విశేషణాల్లో ఏ ఒక్కటి జారినా వాక్యం అబద్ధమవుతుంది. పారిస్‌లో మను భాకర్ ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచినప్పుడు ‘ఈ ఘనత సాధించిన తొలి భారత క్రీడాకారిణి’ అన్నవారు నిజమే రాశారు. ‘తొలి భారతీయ అథ్లెట్’ అన్నవారు ‘స్వతంత్ర భారతంలో’ అని చేర్చవలసింది, లేకుంటే నూట ఇరవై నాలుగేళ్ళ వెనక నుంచి ప్రిచర్డ్ అడ్డుపడతాడు.

చోటు మారినా చిక్కే. ‘ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ మల్లీశ్వరి’ అన్నది నిర్దుష్టమైన వాక్యం. సిడ్నీలో, 2000 సెప్టెంబరులో, బరువులెత్తే పోటీ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఆమె కాంస్యం గెలుచుకుంది. అదే వాక్యాన్ని ‘తొలి ఒలింపిక్ పతకం గెలిచిన భారత మహిళ’ అని తిప్పితే, ఆమె గెలిచిన పతకాల్లో ఇది మొదటిది అనే అర్థం వస్తుంది. ఆ రెండో అచ్చు 2016 రియో నాటి సింధుకు సరిపోతుంది. రియోలో ఆమెకు రజతం, తరువాత టోక్యోలో కాంస్యం వచ్చాయి. తెలుగులో విశేషణం తనకు దగ్గరున్న నామవాచకాన్నే పట్టుకుంటుంది.

చివరిగా ‘గెలిచింది’, ‘గెలిచారు’. క్రీడా వార్తల్లో ఏకవచనం అమర్యాద కాదు, అదొక సంప్రదాయం. ‘నీరజ్ విసిరాడు’, ‘సింధు గెలిచింది’ అంటాం. ఆ ఏకవచనంలో కాస్త సొంతవాళ్ళన్న చనువుంది. అదే పత్రికలో అదే పుటలో మంత్రిగారు మాత్రం ‘అభినందించారు’. ఆడినవాళ్ళకు ఏకవచనం, చప్పట్లు కొట్టినవారికి బహువచనం ఏమిటని నాకు అప్పుడప్పుడు చిరాకు వేస్తుంది గానీ, వాడుకతో తగవు పెట్టుకుని గెలిచినవాడు లేడు. నన్నడిగితే, ఆట నడుస్తున్న వర్ణనలో ఏకవచనం, జీవిత పరిచయంలో ‘గారు’ లేకుండా గౌరవ బహువచనం బాగుంటాయి. అప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలం నుంచి భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపరుగా ఎదిగిన ఎతిమరపు రజని గురించి మీ పిల్లలు రాయదలిస్తే ‘రజని అక్క’ అని రాసినా నేను దిద్దను. ఒక్క షరతు: వ్యాసంలో ధ్యాన్‌చంద్ ‘గోల్స్ కొట్టారు’ అయితే మల్లీశ్వరి కూడా ‘బరువులెత్తారు’ కావాలి.