గంగమ్మ జాతరలో కొన్న నల్ల చట్టి, ఎర్ర గుర్రం: పలమనేరువేనా?

అన్నా, తిరుపతి గంగమ్మ జాతరలో కొన్న ఈ నల్ల చట్టి, ఎర్ర మట్టి గుర్రం రెండూ చిత్తూరు జిల్లా పలమనేరులో చేసినవేనా, చట్టి మీద తెల్ల పొడి ఎందుకు లేస్తోందని అడిగారు కదా.

రంగును బట్టి ఊరు తేల్చకండి. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. చివర్లో గాలి మూసి పొగ పట్టిస్తే అదే మట్టి నల్లబడుతుంది. ఒకే కుమ్మరి రెండూ చేయగలడు. చట్టి లోపల వేలితో తడమండి. చుట్టూ సన్నటి గీతలు తగిలితే సారె (కుమ్మరి చక్రం) మీద లేచిందే. అడుగున తట్టిన గుర్తులుంటే చెక్కతో కొట్టి పలచన చేశారు, అది వంటకు చేసిన చట్టి అయ్యే అవకాశమే ఎక్కువ. గుర్రం పక్కన నిలువునా అతుకు గీత ఉంటే అచ్చులో ఒత్తింది.

పలమనేరు టెర్రకోటకు (కాల్చిన మట్టి వస్తువులకు) పేరుంది, అందుకే అమ్మేవాళ్ళు ఆ పేరు చెప్పడం సులువు. ఆ పేరొక్కటే చాలదు. నా మటుకు నేను వస్తువు రూపం కంటే అమ్మినవాళ్ళు చెప్పే వివరాలకే ఎక్కువ విలువిస్తాను: ఏ ఊరు, ఎవరు చేశారు, మట్టి ఏ చెరువుది. అది అక్కడికక్కడే రాసుకోవాలి. ఇంటికొచ్చాక ఆ వివరం దొరకడం కష్టం. వచ్చే జాతరలో వాళ్ళు కనబడితే తప్పకుండా అడగండి.

తెల్ల పొడి చాలావరకు ఉప్పే. మట్టిలోదో నీళ్ళలోదో తడి ఆరేటప్పుడు పైకి తేలుతుంది. మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మెత్తటి బ్రష్‌తో రుద్ది నీడలో ఆరబెట్టండి. సబ్బు వద్దు, మట్టి పీల్చేస్తుంది. గుర్రాన్ని మాత్రం నానబెట్టకండి, పూసిన రంగైతే పోతుంది.