కొమ్ములున్నవాళ్ల గురించి

అనంతపురం

చిరంజీవి ఓబులేసుకు ఆశీస్సులు.

కర్నూలు నుంచి నువ్వు పంపిన కథ అందింది, రెండుసార్లు చదివాను. నలుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి పాచికలతో కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడుకోవడం తెలుగు కథలోకి వచ్చినందుకు నాకు సంతోషమే. అయితే మూడో పేజీలో నీ కథకుడు, "తమకేవో కొమ్ములున్నాయని చాటుకోవడానికే వీళ్లు కొమ్ములున్న పాత్రలను ఎంచుకుంటారు" అంటాడు. మాట చమత్కారంగా ఉంది కాబట్టే దాన్ని కొట్టివేయడానికి నీకు చేయి రాలేదని అనుకుంటున్నాను. కానీ అది నిజం కాదు; ఆ ఒక్క వాక్యం వల్ల టీఫ్లింగ్‌గా, అంటే ఆ ఆటలోని కొమ్ములున్న జాతి పాత్రగా, ఆడే నీ షమీమ్ కథ పొడుగునా వేషంగానే మిగిలిపోయింది.

ఆటలో వచ్చే పాయింట్ల లాభం కోసం ఇలాంటి జాతులను ఎంచుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. 2014 నాటి నియమాల పుస్తకంలో హాఫ్-ఆర్క్ అనే కోరలున్న జాతికి బలంలో 2 పాయింట్లు, దేహదారుఢ్యంలో 1 అదనంగా వచ్చేవి. కత్తి పట్టే యోధుణ్ణి ఆడదలచినవాడు ఆ లాభం చూసి కోరలు పెట్టుకుంటే తప్పుపట్టలేం. 2024 పుస్తకం ఆ పాయింట్లను జాతి నుంచి తీసివేసి, పాత్ర అంతకుముందు సిపాయిగా బతికిందా, రైతుగా బతికిందా అన్నదానికి ముడిపెట్టింది. అయినా నేను చూసే బల్ల దగ్గర కొమ్ములూ తోకలూ అలాగే ఉన్నాయి. ఇంకా వెనక్కి, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో తెచ్చిన తొలి ఆటకు వెళితే, అందులో డ్వార్ఫ్, హాబిట్ అనే పొట్టి జాతుల్లో డ్వార్ఫ్ యోధుడు 6వ లెవెల్ దగ్గర, హాబిట్ 4వ లెవెల్ దగ్గర ఆగిపోవలసిందే, మనిషికి మాత్రం అటువంటి హద్దు లేదు. ఎదుగుదల అక్కడితో సరి అని తెలిసీ హాబిట్‌ను ఎంచుకున్నవాడికి లాభం తప్ప మరో కారణం ఉండి తీరాలి గదా.

ఆ కారణం ఏమిటో నాకు మా మేనల్లుడి ఇంట్లో ఒక ఆదివారం తెలిసింది. ఆటకు వచ్చినవాళ్లలో పెద్దగా మాట్లాడని కుర్రవాడొకడు కెంకు జాతిని ఎంచుకున్నాడు. 2016లో వచ్చిన పుస్తకం ప్రకారం కెంకులు కాకిని పోలిన జీవులు. శాపం వల్ల ఎగరడమూ పోయింది, సొంత గొంతూ పోయింది, విన్న మాటలనూ చప్పుళ్లనూ అనుకరించడం తప్ప మరోలా మాట్లాడలేరు. ఆట మొదట్లో డంజన్ మాస్టరైన, అంటే ఆట నడిపించే, మా మేనల్లుడు ఒక ఊరిపెద్ద గొంతుతో ఇంకొక పాత్ర గురించి, "మావాడే, పోనీయప్పా" అన్నాడు. మూడు గంటల తరువాత కోట వాకిట్లో కావలివాడు ఈ కెంకును ఆపి, "ఎవరు నువ్వు?" అని గద్దించాడు. కుర్రవాడు 20 ముఖాల పాచికను వేళ్ల మధ్య కాసేపు తిప్పి, అచ్చం ఆ ఊరిపెద్ద సాగదీతతోనే, "మావాడే, పోనీయప్పా" అన్నాడు. మా మేనల్లుడు ఎత్తు పారిందో లేదో తేల్చే పాచిక వేయమని కూడా అనకుండా తలుపు తీయించాడు. ఎవరి కోసమో అన్న మాటను, ఎప్పుడో తనకు అవసరమవుతుందని, ఆ కుర్రవాడు అంతసేపూ దాచుకున్నాడు. మాటలన్నీ అందుబాటులో ఉన్న మనిషి పాత్రతో ఆ పని జరిగేది కాదు.

మామూలు మనిషి ఊళ్లోకి నడిచి వస్తే ఎవరూ ఏమీ అడగరు. కొమ్ములతో వస్తే అడుగుతారు, అడిగితే జవాబు చెప్పాలి, ఆ జవాబుతో కథ మొదలవుతుంది. టీఫ్లింగ్ ఒంట్లో నరకలోకపు రక్తం ఉంటుంది. పూర్వీకుల పుణ్యమా అని వచ్చిన కొమ్ములకు తానేమీ చేయకపోయినా అనుమానాలు భరించాలి. మరి నీ కథలో షమీమ్ పాత్ర పూటకూళ్లింటికి వెళ్లగానే గది దొరికిపోయిందేమిటి? అద్దెకు ఇల్లు అడిగినవాణ్ణి "మీరేమిటోళ్లు?" అని అడగడం మన ఊళ్లలో నువ్వు విననిది కాదు. బయట ఆ ప్రశ్న షమీమ్‌కు చెప్పాపెట్టకుండా ఎదురవుతుంది. బల్ల దగ్గర దాన్ని తానే కోరి తెచ్చుకుంది, కాబట్టి ఎలా జవాబు చెప్పాలో కూడా తన ఇష్టమే. అలాగని ఆడేవాళ్లందరూ తమ గాయాలనే ఆడతారని రాయవద్దు. కొందరికి తోక ఉంటే బాగుంటుందనిపిస్తుంది, అంతే.

నీ పేరే అహోబిలం దేవుడిది. సగం మృగం, సగం మనిషి అయిన ఆ స్వామిని పారువేటలో ఊరూరా తిప్పుతున్నప్పుడు జనం ఆయన గోళ్ల గురించి మాట్లాడుకోరు. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడని చెప్పుకుంటారు. నువ్వు షమీమ్ కొమ్ముల వంపునూ రంగునూ ఎనిమిది వాక్యాల్లో వర్ణించావు, ఒక్కటి చాలు. మిగిలిన చోటు పూటకూళ్లమ్మకు ఇవ్వు: ఆమె ముందు ఎక్కడ చూసింది, గది లేదని ఎలా చెప్పింది, షమీమ్ ఏమంది, పక్కనున్న ముగ్గురిలో ఎవరు నోరు మెదపలేదు.

ఆ ఘట్టం తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవిగా అచ్చు తీయించు, నా కళ్లు మునుపటిలా లేవు.