తార్నాక వైపు తక్కువ ఖర్చుతో సైకిలు బాగుచేసే నమ్మకమైన మెకానిక్ ఎక్కడ దొరుకుతారు?

మీరు ఈ మధ్యనే హైదరాబాద్‌లోని తార్నాకకు మారారనీ, మీ ఏడు గేర్ల సైకిలు తొక్కుతుండగా గేర్లు జారుతున్నాయనీ, ఒక పెద్ద దుకాణంలో చూపిస్తే చైను, ఫ్రీవీలు (వెనుక చక్రం మీది పళ్ళచక్రాల గుత్తి), వెనుక డిరైలరు (చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదాని మీదికి జరిపే భాగం) మూడూ మార్చాలన్నారనీ, మీ వీధి చివరి పంక్చర్ దుకాణం ఆయనేమో గేర్ల సైకిలు తన వల్ల కాదన్నారనీ రాశారు. మీ అబ్బాయి బడికి తొక్కుకుంటూ వెళ్ళే మామూలు సైకిలును కూడా కలిపి, రెండింటినీ నమ్మకంగా బాగుచేసే ఒక్క చోటు చెప్పమన్నారు. నేను హబ్సిగూడలో ఉంటూ చాలా ఏళ్ళుగా ఉప్పల్ దాకా సైకిలు మీదే ఉద్యోగానికి వెళ్ళి వస్తున్నాను. నాకు తెలిసినంతలో మీకు ఇవ్వగల మొదటి సలహా ఏమిటంటే, రెండు సైకిళ్ళకూ ఒకే దుకాణం వెతకకండి.

మీ అబ్బాయి సైకిలుకు ఆ వీధి చివరి దుకాణమే సరైనది. చేతకాని పనిని చేతకాదని నేరుగా చెప్పిన మనిషిని నేను అప్పుడే సగం నమ్ముతాను. తెలియకపోయినా తీసుకుని, విప్పి, పాడుచేసి ఇచ్చేవారితోనే మనకు నష్టం. బడుల దగ్గర, బస్తీల మొదట్లో, చెట్టు కిందో రేకుల షెడ్డులోనో కూర్చుని పనిచేసే మెకానిక్కులు మామూలు సైకిళ్ళ విషయంలో ఏ పెద్ద దుకాణానికీ తీసిపోరు. చక్రం మధ్యలోని హబ్బు విప్పి, లోపలి గుండ్లు కడిగి, గ్రీజు పెట్టి, చక్రం ఊగకుండానూ బిగుసుకోకుండానూ ఆ గుండ్లను నొక్కి పట్టే కోన్లు సరిపెట్టడం ఏళ్ళ తరబడి చేస్తేనే వచ్చే పని, అది వారికి బాగా వచ్చు.

అయినా పరీక్షించకుండా నమ్మమని నేను చెప్పను. ముందు ఒక పంక్చరు వేయించి, పక్కనే నిలబడి చూడండి. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వచ్చే చోటు పట్టుకోవడం అందరూ చేసేదే; ఆ తరువాత టైరు లోపలి వైపంతా వేళ్ళతో తడిమి, ముల్లో గాజుపెంకో ఇంకా గుచ్చుకుని ఉందేమో చూసేవారే పని తెలిసినవారు, ఎందుకంటే అది అక్కడే ఉండిపోతే కొత్త అతుకు పక్కనే మరో రంధ్రం పడుతుంది. అతుకు వేసే చోట గరుకుగా రుద్ది, సొల్యూషన్ పూసి, అది కాస్త ఆరి జిగటగా మారేదాకా ఆగి, అప్పుడే ప్యాచ్ అంటించాలి; తడిగా ఉండగానే అంటించిన అతుకు ఎండకాలం రోడ్డు మీద నిలవదు. ఈ రెండు చోట్లా తొందరపడని మనిషికి బ్రేకుల పని ధైర్యంగా అప్పగించవచ్చు.

టైరు మార్చవలసి వస్తే ఇంకొక సంగతి గమనించండి. 26 అంగుళాల టైరు అని అడిగితే సరిపోదు, ఎందుకంటే ఆ పేరుతో అమ్మే టైర్లలో రిమ్ము మీద కూర్చునే అంచు వ్యాసం కొన్నింటికి 559 మిల్లీమీటర్లు, కొన్నింటికి 590 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒకదాని రిమ్ముకు మరొకటి పట్టదు. పాత టైరు పక్కన ముద్రించిన అంకెలు చదివి కొత్తది తీసే దుకాణదారు మీకు రెండోసారి తిరిగే పని పెట్టడు.

ఇక గేర్ల సంగతి, అసలు ఖర్చు ఇక్కడే ఉంది. గేర్లు జారుతున్నాయని మనం ఒకే మాటలో చెప్పేస్తాం గానీ, ఆ మాట వెనుక రెండు వేర్వేరు లోపాలు ఉంటాయి. తార్నాక ఫ్లైఓవర్ ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడు చైను పళ్ళ మీద నుంచి ఎగిరి, పెడలు ఒక్కసారిగా కిందికి జారిపోతుంటే, అది చాలావరకు చైనూ ఫ్రీవీలూ అరిగిన గుర్తు. అలా కాకుండా, గేరు మార్చినప్పుడు చైను వెంటనే పక్క పళ్ళచక్రం మీదికి వెళ్ళకపోవడం, వెళ్ళినా టకటకమని చప్పుడు చేస్తూ నిలకడగా తిరగకపోవడం మీ సమస్య అయితే, కేబులు సాగిందో, దాని తొడుగులో తుప్పు పట్టిందో, డిరైలరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందో చూడాలి. సైకిలు కుడి పక్కకు పడినప్పుడు ఆ హ్యాంగర్ వంగడం చాలా మామూలు. కేబులూ తొడుగూ మార్చడం, హ్యాంగర్ సరిచేయడం చిన్న ఖర్చు పనులు. ఈ లోపానికి డిరైలరు మొత్తం మార్చమనడం అన్యాయం.

చైను అరిగిందో లేదో ఇంట్లోనే ఇనుప స్కేలుతో కొలవవచ్చు. ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు కలిస్తే ఒక అంగుళం, కాబట్టి అలాంటి 12 జతలు కొత్త చైనులో పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. ఆ కొలత మీద అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాకా పెరిగితే ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే అది పాత పళ్ళ మీద జారుతుంది. అందువల్ల మీకు చెప్పిన మూడింటిలో చైనూ ఫ్రీవీలూ నిజంగానే మార్చవలసి రావచ్చు. డిరైలరు ఎందుకని మాత్రం తప్పకుండా అడగండి. స్ప్రింగు పట్టు పోయిందనో, చిన్న చక్రాల పళ్ళు అరిగాయనో చేత్తో కదిలించి చూపించగలిగితే ఒప్పుకోండి. చూపించలేకపోతే సైకిలు వెనక్కి తెచ్చుకోండి.

గేర్ల పని వచ్చిన మెకానిక్కు కోసం దుకాణాల బోర్డులు చూసి లాభం లేదు, సైకిలు తొక్కేవారినే అడగాలి. మీకు దగ్గరలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. తెల్లవారుజామున అక్కడ గేర్ల సైకిళ్ళ మీద వచ్చేవారు కనిపిస్తారు. సెలవు రోజు ఉదయం నెక్లెస్ రోడ్డుకు వెళ్ళినా, లేక ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర పలకల కప్పు సైకిల్ దారి దాకా వెళ్ళినా ఇంకా ఎక్కువమంది దొరుకుతారు. ఏ దుకాణం మంచిదని అడిగితే పేరున్నదే చెబుతారు గనుక, వారి సైకిలుకు చివరిసారి గేర్లు సరిచేసిన మనిషి ఎవరు, ఆ పని ఎన్నాళ్ళు నిలిచిందని అడగండి. నాకు ఇప్పుడు పనిచేసి పెడుతున్న పెద్దాయన అలాగే దొరికారు. ఆయన దుకాణానికి సరైన బోర్డు కూడా లేదు, గోడకు మాత్రం పనిముట్లన్నీ వరుసగా తగిలించి ఉంటాయి.

ఆ పనిముట్లను మీరూ గమనించండి. ఫ్రీవీలు విప్పడానికి దాని గాళ్ళలో సరిగ్గా కూర్చునే ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది, అదేమంత ఖరీదైనది కాదు. ఒకచోట, పేరు చెప్పను, నా సైకిలు ఫ్రీవీలుకు ఉలి ఆనించి సుత్తితో కొట్టబోతుంటే ఆపి, డబ్బు అడిగితే కొంత ఇచ్చి సైకిలు తెచ్చేసుకున్నాను. మరొక గుర్తు, మంచి మెకానిక్కు సైకిలు ఇచ్చే ముందు వెనుక చక్రాన్ని పైకెత్తి పెడలు తిప్పుతూ ఏడు గేర్లూ పైకీ కిందికీ మార్చి చూసి, తరువాత మిమ్మల్నీ ఒకసారి తొక్కి రమ్మంటారు.

ధర మాట్లాడేటప్పుడు విడిభాగాల వెల వేరుగా, లేబరు వేరుగా చెప్పమనండి. పెట్టెలో వచ్చే కంపెనీ వస్తువు మీద ముద్రించిన ధర ఉంటుంది, దానితో పోల్చుకోవచ్చు. ఇంకా తక్కువలో కావాలంటే, కోఠి చుట్టుపక్కల సైకిలు సామాను దొరికే దుకాణాల్లో మీరే కొని తెచ్చి బిగించమని అడగవచ్చు, కానీ ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే చిన్న దుకాణాలకు విడిభాగాల మీద మిగిలే కొద్ది లాభమే ఆదరువు, అది పోయినప్పుడు లేబరు కొంచెం ఎక్కువ అడగడం న్యాయమే. తీసేసిన పాత భాగాలు మీకు తిరిగి ఇవ్వమని ముందుగానే అనండి. ఆ ఒక్క మాటతో అనవసరపు మార్పులు చాలావరకు ఆగుతాయి.

లేబరు దగ్గర మాత్రం గట్టిగా బేరమాడకండని నా మనవి. చక్రం వంకర తీయడానికి స్పోకులను ఒక్కొక్కటిగా పావు చుట్టు బిగిస్తూ, వదులు చేస్తూ చాలాసేపు ఓపికగా కూర్చోవాలి. ఆ ఓపికకు డబ్బు తగ్గిస్తే తరువాత వచ్చేవారికి ఆ పని చేసేవారే దొరకరు. తరాలుగా ఈ పని చేసినవారి పిల్లలు ఇప్పుడు దీనిలోకి రావడం లేదు. నగరంలో సైకిలు నిలవాలంటే ముందు వీరు నిలవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పటికి మీరు చేయవలసింది, స్కేలుతో చైను కొలిచి, గేర్లు ఎప్పుడు జారుతున్నాయో ఒక రోజు గమనించి, ఆ రెండు వివరాలతో ఉదయం పూట, గిరాకీ పెరగకముందే మెకానిక్కు దగ్గరికి వెళ్ళడం. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు కేబుళ్ళూ తొడుగులూ కూడా చూపించండి. సైకిలు అక్కడ వదిలి రావలసి వస్తే, దాన్ని తిరగేసి పెడళ్ళ ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరును ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. కొలత ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే, ఏయే భాగాలు మార్చాలో నాకు తోచింది చెబుతాను.