కంపెనీ మంచిదే, ఆ అప్పు మీకు మంచిదా?

ప్రశ్న: మేము జపాన్‌లో ఒసాకా, క్యోటోల మధ్య ఉన్న తకత్సుకిలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం. నాకు 36 ఏళ్లు. భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. నిరుడు శాశ్వత నివాస అనుమతి వచ్చింది. నా జీతం ఏడాదికి 85 లక్షల యెన్‌లు, దాచుకున్నది కోటిన్నర. ఈ మధ్య నమూనా ఇళ్ల ప్రదర్శనలో సెకిసుయి హౌస్ అనే ఇళ్ల నిర్మాణ సంస్థ వారి ఇల్లు చూశాం. ఇంటిల్లిపాదికీ నచ్చింది. 35 త్సుబోల స్థలం (ఒక త్సుబో దాదాపు నాలుగు గజాలు), 32 త్సుబోల ఇల్లు, ఖర్చులన్నీ కలిపి 7.5 కోట్ల యెన్‌లు అవుతుంది. కోటి మేము పెట్టుకుని, 6.5 కోట్లు 35 ఏళ్లకు అప్పు తీసుకోవాలని ఆలోచన. ఇప్పుడు నెలకు 1.3 లక్షలు అద్దె కడుతున్నాం. ఆ డబ్బేదో సొంతింటికే కడితే ఆస్తి మిగులుతుంది కదా అని ఊళ్లో నాన్నగారు అంటున్నారు. అదే కంపెనీ షేర్లు వెయ్యి నీసా ఖాతాలో (ఇక్కడ లాభంపై పన్ను లేని పెట్టుబడి ఖాతా) కొందామని కూడా ఉంది. డివిడెండు బాగుంటుందట, ఏటా బియ్యం కూడా పంపుతారట. మీరేమంటారు?

జవాబు: ముందు బియ్యం సంగతి తేల్చేద్దాం. మీరు విన్నది నిజమే. జనవరి 31 నాటికి వెయ్యి షేర్లు ఉన్నవారికి ఆ కంపెనీ ఉఒనుమా ప్రాంతపు కొషిహికరి బియ్యం అయిదు కిలోలు పంపుతుంది. జపాన్‌లో ఆ బియ్యానికున్న పేరు మామూలుది కాదు. కాకపోతే మీ ఇంట్లో పప్పుచారుకు ఆ జిగురన్నం నప్పుతుందో లేదో మీరే చెప్పాలి. షేరు ధర మూడు వేల యెన్‌ల పైమాటే కాబట్టి వెయ్యి షేర్లంటే ముప్పై లక్షలు దాటుతుంది. ఇంటికి కోటి పోగా మీ దగ్గర మిగిలేది యాభై లక్షలు. అందులో ముప్పై లక్షలకు పైగా ఒకే కంపెనీలో పెట్టి, పాపతో, మెడ మీద అప్పుతో మిగతా సొమ్ముతో నెట్టుకొస్తారా? నేనైతే ఒప్పుకోను. పైగా నీసాలో విడి షేర్లు కొనే వాటాకు ఏడాదికి 24 లక్షల యెన్‌లే పరిమితి. ఒక్క ఏడాదిలో వెయ్యి షేర్లు అందులో పట్టవు.

అలాగని కంపెనీని తక్కువ చేయడం లేదు. 1960లో సెకిసుయి కెమికల్ నుంచి విడిపడి పుట్టిన సంస్థ అది. ఇప్పటికి పాతిక లక్షలకు పైగా ఇళ్లు కట్టింది. 2023 జనవరితో ముగిసిన ఏడాదికి షేరుకు 110 యెన్‌లు, మరుసటి ఏడాది 123, ఆ పైఏడాది 135 డివిడెండు ఇచ్చింది. కానీ ఆ లాభం మీరు నమూనా ఇంట్లో చూసిన వంటగది నుంచే వస్తోందనుకోకండి. జపాన్‌లో కొత్త ఇళ్ల నిర్మాణం 2024లో 8 లక్షల లోపుకు పడిపోయింది. 2023 లెక్కల ప్రకారం దేశంలో 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అందుకే ఈ సంస్థ అమెరికా బాట పట్టింది. 2024లో అక్కడి ఇళ్ల నిర్మాణ సంస్థ ఎం.డి.సి. హోల్డింగ్స్‌ను దాదాపు 490 కోట్ల డాలర్లకు కొనేసింది. అంటే ఇప్పుడు ఈ షేరు కొనడమంటే డెన్వర్‌లోనో ఫీనిక్స్‌లోనో ఇల్లు కొనుక్కునేవారి గృహరుణ వడ్డీ మీద కూడా పందెం కాయడమే. అది తెలిసి కొంటే తప్పులేదు. ఇల్లు నచ్చింది కాబట్టి షేరూ కొంటాననడం మాత్రం, హోటల్లో పెసరట్టు బాగుందని హోటల్లో వాటా కొన్నట్టు ఉంటుంది. మీ ఉద్యోగం, ఇల్లు, అప్పు అన్నీ యెన్‌లలోనే ఉన్నాయి కాబట్టి నీసాలో నెలనెలా ప్రపంచ షేర్ల ఇండెక్స్ ఫండు వేసుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. జపాన్ వదిలి వచ్చేస్తే, కంపెనీ పంపిన తాత్కాలిక బదిలీ వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, నీసా ఖాతా కొనసాగదు.

ఇక ఇల్లు. నాన్నగారి మాట మన ఊళ్లకు సరిపోతుంది. మన దగ్గర స్థలంతో పాటు ఇల్లు కూడా ఎంతో కొంత విలువ నిలుపుకుంటుంది. జపాన్‌లో ఇంటి లెక్క కారు లెక్కలా ఉంటుంది. తాళాలు చేతికందిన రోజు నుంచే ధర దిగడం మొదలు. చెక్క ఇంటికి అక్కడి పన్ను లెక్కల్లో ఆయుష్షు 22 ఏళ్లు. అంతకు మించి ఇల్లు చక్కగా నిలుస్తుంది, కానీ పాత ఇళ్ల బజారులో ఇరవై, పాతికేళ్లకు కట్టడానికి పలికే ధర దాదాపు ఏమీ ఉండదు. మిగిలేది స్థలం. మీ 35 త్సుబోలంటే సుమారు 138 గజాలు. కాబట్టి అంచనా పత్రంలో స్థలమెంత, కట్టడమెంత అని విడదీసి చూడండి. స్థలం 3.2 కోట్లు అనుకుంటే, మిగతా 4 కోట్ల పైచిలుకు మీరు ఆస్తిగా కాదు, సుఖంగా ఉండడానికి ఖర్చు పెడుతున్నారన్నమాట. భూకంపాలకు తట్టుకునే మూడో గ్రేడు (అన్నిటికన్నా పై స్థాయి) కట్టడం, చలికాలం వణికించని గోడలు, ముప్పై ఏళ్ల హామీ, ఇవన్నీ విలువైనవే. నాకూ ఇష్టమే. అయితే ఆ హామీని ముప్పై ఏళ్ల తర్వాత పొడిగించుకోవాలంటే తనిఖీలు చేయించి, వాళ్లు చెప్పిన మరమ్మతులు డబ్బిచ్చి వాళ్ల చేతే చేయించుకోవాలి.

నన్ను అసలు కలవరపెట్టింది అప్పు. 6.5 కోట్లు అంటే మీ ఏడాది జీతానికి ఏడున్నర రెట్లకు పైన. ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) 0.9 శాతం అనుకుంటే నెల వాయిదా 1.8 లక్షలు. చూడడానికి అద్దెకు యాభై వేలే ఎక్కువ. కానీ మన రిజర్వు బ్యాంకు లాంటి బ్యాంక్ ఆఫ్ జపాన్ 2024 మార్చిలో రుణాత్మక (సున్నా కన్నా తక్కువ) వడ్డీకి స్వస్తి చెప్పి, అప్పటి నుంచి మెట్టు మెట్టుగా పెంచుతూ వస్తోంది. వడ్డీ 2 శాతమైతే వాయిదా 2.15 లక్షలు, 3 శాతమైతే 2.5 లక్షలు. మీ చేతికి వచ్చేది పన్నులు, బీమాలు పోగా ఏడాదికి 62 లక్షల చుట్టూ ఉంటుంది. అందులో 30 లక్షలు వాయిదాలకే పోతే? ఆస్తి పన్ను, పాప చదువు, రెండేళ్లకోసారి ఇండియా టిక్కెట్లు ఇంకా లెక్కలోకే రాలేదు. చాలా బ్యాంకులు అయిదేళ్లపాటు వాయిదా మార్చబోమని, మార్చినా పాతదానికి 1.25 రెట్లు దాటనివ్వబోమని చెబుతాయి. వినడానికి కమ్మగానే ఉంటుంది. వాయిదా పెరగనంత మాత్రాన వడ్డీ ఆగదు. అసలులోకి వెళ్లాల్సిన సొమ్మును అది మింగుతూ పోతుంది. మరొకటి, ఈ అప్పు తీరేసరికి మీకు 71 ఏళ్లు.

పదమూడేళ్లపాటు ఏడాది చివరి బాకీలో 0.7 శాతం పన్ను తగ్గింపు వస్తుందని అమ్మకాల ప్రతినిధి చెప్పే ఉంటారు. వస్తుంది, కానీ బాకీకి పరిమితి ఉంది, మీరు కట్టే పన్నుకు మించి రాదు. అప్పుతో పాటు వచ్చే జీవిత బీమా మాత్రం నిజంగా మేలు. మీకేమైనా అయితే బాకీ తీరిపోతుంది. అది చూసుకుని మీ టర్మ్ పాలసీ మొత్తాన్ని తగ్గించుకోవచ్చు.

మరి ఏం చేయాలి? సెకిసుయి మీద మనసు పడింది కాబట్టి అదే కంపెనీ కట్టిన పదిహేను, ఇరవై ఏళ్ల పాత ఇల్లు వెతకండి. పెద్ద నిర్మాణ సంస్థలు కలిసి 2008 నుంచి సుమ్‌స్టాక్ అనే పద్ధతి నడుపుతున్నాయి. ఆ ముద్ర ఉన్న ఇంటికి మరమ్మతుల చరిత్ర దాచి ఉంటుంది, స్థలం ధర, కట్టడం ధర విడివిడిగా చూపిస్తారు. కట్టడంలోనూ అస్థిపంజరం (స్తంభాలు, దూలాలు) ఒక లెక్క, లోపలి అమరికలు వేరే లెక్క. మొదటి యజమాని ఆ నాలుగు కోట్లలో సింహభాగం తరుగుదల భరించాక మీరు అడుగుపెడతారు. అలాంటిది అయిదు కోట్లలో దొరికి, నాలుగు కోట్లే అప్పు చేస్తే, ఇదే గడువుకు వాయిదా 1.1 లక్షలు. వడ్డీ 3 శాతానికి చేరినా 1.54 లక్షలు. కొత్త ఇంటికి మొదటి నెల కట్టే దానికన్నా అది తక్కువ. ఇల్లు పాతదని బ్యాంకు గడువు కుదిస్తే మాత్రం లెక్క మళ్లీ వేయండి. వాస్తు చూసే అలవాటుంటే ముందే చెబుతున్నా. మనకు ఈశాన్యం దేవుడి మూల, జపాన్ వారికి అది దెయ్యాల వాకిలి. పూజగదికి మీరు వెతికే మూలను పాత యజమాని ఖాళీగానే వదిలి ఉండొచ్చు!

కొత్తదే కావాలని మీ ఆవిడ, పాప పట్టుబడితే, స్థలం వేరే వారి దగ్గర కొనాల్సి రావచ్చు. అప్పుడు 2017లో ఇదే సెకిసుయి హౌస్‌కు తోక్యోలోని గొతాందాలో తగిలిన దెబ్బ గుర్తు తెచ్చుకోండి. పాత సత్రం ఉన్న స్థలానికి యజమానురాలినంటూ వచ్చిన మనిషిని నమ్మి 630 కోట్ల యెన్‌లు చెల్లించింది. 550 కోట్లకు పైగా పోగొట్టుకుంది. అసలు యజమాని తరఫున అమ్మకమేమీ లేదని హెచ్చరిక ఉత్తరాలు వచ్చాయి. అవి ఎవరో కావాలని అడ్డుపుల్ల వేయడానికి పంపినవనుకుని పక్కన పెట్టేశారు. రిజిస్ట్రేషన్ కార్యాలయం పత్రాలు నకిలీవని తిప్పి పంపాకే కళ్లు తెరుచుకున్నాయి. భూమి కొనడమే వృత్తిగా ఉన్నవారి పరిస్థితి అది. మీరు రిజిస్ట్రేషన్ నకలు స్వయంగా తీయించి, మీ తరఫున న్యాయ లేఖరిని (భూమి రిజిస్ట్రేషన్ పనులు చూసే నిపుణుణ్ని) పెట్టుకోండి. అందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

సంతకం పెట్టే ముందు మీ ఆవిడతో కూర్చుని ఒక ప్రశ్న తేల్చుకోండి: పదేళ్ల తర్వాత కూడా జపాన్‌లోనే ఉంటారా? మధ్యలో ఇండియాకు వచ్చేస్తే గృహరుణం ఉన్న ఇంటిని బ్యాంకు ఒప్పుకోకుండా అద్దెకివ్వడం కుదరదు. అమ్మితే కట్టడం ధర ఎలా దిగుతుందో పైన చెప్పాను. ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆరు నెలలపాటు అద్దె 1.3 లక్షలతో పాటు ఇంకో లక్ష పక్కన వేస్తూ ఉండండి. అంటే వడ్డీ కాస్త పెరిగాక వచ్చే వాయిదాను ఇప్పుడే కడుతున్నట్టు. ఆరో నెల చివర మీ పాస్‌బుక్ ఎలా ఉందో నాకు రాయండి. అప్పుడు ఎంత అప్పు చేయొచ్చో అంకె వేసి చెబుతాను.